రిజిస్టరులో లేని ముగ్గురు

ఇంగ్లీషు చట్టంలో 'ఈక్విటీ' అని ఒక మాట ఉంది. కాగితం మీది అక్షరంతో ఆగిపోకుండా, మనిషి మనిషికి ఇచ్చిన మాటను కూడా కోర్టు లెక్కలోకి తీసుకోవడమే దాని అర్థమని చదువుకున్నవారు చెబుతారు. వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఎవరి మాటను ముందుగా లెక్కలోకి తీసుకుంటారో, ఎవరి మాటకు ముందుగా నవ్వుతారో 2022లో బర్ దుబాయ్‌లోని మా ఆఫీసులో కూర్చుని నేను స్వయంగా చూశాను. ఆనాటి కోపం నాలో ఇంకా తగ్గలేదు. తగ్గేదాకా ఆగితే వ్యాసం మర్యాదగా తయారవుతుందేమో గాని, నిజం పలచబడుతుంది.

లెక్కల ఉద్యోగం మీద గల్ఫ్ దేశాలకు బయలుదేరుతున్న యువకులు, యువతులు చదువుతారని రాస్తున్నాను. ఎవరి పేరూ రాయను. తేదీ, అంకె లేని మాటను నమ్మే అలవాటు నాకు లేదు. ఈ వ్యవహారంలోని ప్రతి తేదీ నా దగ్గర ఉంది. కానీ తేదీలు రాస్తే మనుషులు తెలిసిపోతారు. అందుకే సంవత్సరాలతో సరిపెడుతున్నాను. ఇలా సరిపెట్టుకోవడం నాకెంత కష్టమో నాతో పనిచేసినవారికి తెలుసు.

మా ఆఫీసు బట్టల దుకాణాల వీధిలో, రెండో అంతస్తులో ఉండేది. 2018లో ఆ దేశంలో వ్యాట్ వచ్చినప్పటి నుంచి మాకు పని పెరిగింది. వ్యాపారుల పన్ను లెక్కలు వేయడం, పన్ను వివాదం కోర్టుకు వెళితే వకీళ్ళకు అంకెల పట్టికలు తయారుచేసి ఇవ్వడం మా పని. నేను సీనియర్ అకౌంటెంటును. ప్రభుత్వ కార్యాలయాల చుట్టూ తిరిగి సంతకాలు, ముద్రలు తెచ్చే ఉద్యోగిని అక్కడ మందూబ్ అంటారు. మా మందూబ్ హైదరాబాద్ పాతబస్తీ మనిషి. నన్ను ఆటపట్టించనిదే అతనికి పొద్దు గడిచేది కాదు. "సాబ్‌కు సలామ్ చెప్పినా గూడ, ఏ తారీఖున చెప్పినవని అడుగుతడు," అని వచ్చిన ప్రతివారికీ నన్ను పరిచయం చేసేవాడు.

2022 మొదట్లో ఒక యువ వకీలు మాకు ఒక కేసు పంపాడు. ఉత్తర భారతం వాడు. ఇంగ్లీషు బాగా, హిందీ ఇంకా బాగా మాట్లాడతాడు. "నా క్లయింటు మీ భాషవాడు. పన్ను బకాయి ఎంత, ఎవరు ఎప్పుడు కట్టారు అన్న పట్టిక చాలు నాకు," అని ఫోన్లో చెప్పాడు. ఆ మధ్యాహ్నమే క్లయింటు మెట్లెక్కి వచ్చాడు. జగిత్యాల వైపు పల్లె మనిషి, యాభై దాటిన వయసు. షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో లారీలు, బస్సులు బాగుచేసే గ్యారేజీలో ఫోర్‌మన్. అటువంటివారిని గ్యారేజీల్లో ఉస్తాద్ అని పిలుస్తారు. నేనూ అలాగే పిలుస్తాను.

ఉస్తాద్ చెప్పిన సంగతిని వరుసలో పెట్టడానికి నాకు రెండు పూటలు పట్టింది. అతని దగ్గర సంవత్సరాలకు అంకెలు లేవు. "కొడుకు పది పాసైన ఏడు", "పెద్ద క్రేను పడిపోయిన ఏడు" అని చెప్పేవాడు. నేను వాటిని అంకెల్లోకి మార్చుకున్నాను. ఆ వరుస ఇది.

ఇళ్ళ ధరలు బాగా పడిపోయిన రోజుల్లో, 2012లో, ఉస్తాద్, అతని కింద పనిచేసే ముగ్గురు కలిసి వాయిదాల మీద ఒక చిన్న స్టూడియో ఫ్లాట్ కొన్నారు. ముగ్గురిలో ఒకడు డెంటర్, ఒకడు పెయింటర్, ఒకడు ఎలక్ట్రీషియన్. అందరివీ చుట్టుపక్కల ఊళ్ళే. ఫ్లాట్ ఉన్న ప్రాంతంలో విదేశీయులు సొంతంగా ఆస్తి కొనుక్కోవచ్చు. దానికి వేరే భూమి రిజిస్టరు, ఇంగ్లీషు పద్ధతిలో నడిచే వేరే కోర్టు ఉన్నాయి. నలుగురూ సమానంగా డబ్బు వేసుకున్నారు, ఫ్లాట్‌ను అద్దెకు ఇచ్చారు. రిజిస్టరులో మాత్రం ఉస్తాద్ పేరు ఒక్కటే ఎక్కింది.

"నలుగురి పేర్లు ఎందుకు రాయించలేదయ్యా?" అని అడిగాను.

"నలుగురం పోవాలె గద సార్ సంతకానికి. గ్యారేజీల ముదీర్ ఒక్కనికే ఛుట్టీ ఇచ్చిండు. జీతం కాగితం గూడ నాకే రాసిచ్చిండు," అన్నాడు. గ్యారేజీ యజమానిని అందరూ ముదీర్ అనేవారు.

"తరువాతైనా?"

"రూంల రాజన్న దేవుని ఫోటో ముంగట నలుగురం ఒట్టు పెట్టుకున్నం సార్. ఇంక తర్వాత ఏముంటది?"

ఇది ఒక్క ఉస్తాద్ చేసిన పొరపాటు కాదు. క్యాంపుల్లో, గ్యారేజీల్లో నేను చూసిన మనవాళ్ళ పద్ధతే ఇది. చిట్టీ అయినా, కారు అయినా, ఊళ్ళో ప్లాటు అయినా, ఎవడికి సెలవు దొరికితే వాడి పేరున రాయించుకుంటారు. మిగిలినవారికి దేవుడి ఫోటో ముందు ఒట్టు. ఆ ఒట్టు తప్పినవాణ్ణి నేను అరుదుగా చూశాను. కానీ ఒట్టు పెట్టుకున్నవాళ్ళు గుర్తుంచుకోని సంగతి ఒకటుంది. పేరు ఒక్కడిదే అయినప్పుడు, ముప్పు కూడా ఆ ఒక్కడి మీదుగానే నలుగురికీ వస్తుంది.

వచ్చింది. ముదీర్ ఖాతాదారుల దగ్గర ప్రతి బిల్లు మీద వ్యాట్ వసూలు చేశాడు. ప్రభుత్వానికి మాత్రం జమచేయలేదు. ఈ వాక్యాన్ని మరోసారి చదవండి. జనం పన్ను కట్టారు. మధ్యలో ఉన్నవాడు దాచుకున్నాడు. 2020లో కరోనా వచ్చింది, వ్యాపారం ఆగింది, బకాయి మీద జరిమానా పేరుకుంది. లైసెన్సు పోయే పరిస్థితి రాగానే, 2021లో ఒక అప్పుల కంపెనీ అతని పన్ను బకాయి మొత్తం కట్టడానికి ఒప్పుకుని, హామీగా ఒక ఆస్తి చూపించమంది. ముదీర్ పేరున ఏ ఆస్తీ లేదు. పెద్ద ఇల్లు ఉంది, రెండు పెద్ద కార్లు ఉన్నాయి. అన్నీ భార్య పేరున ఉన్నాయి. అప్పుడు అతనికి తన ఫోర్‌మన్ ఫ్లాట్ గుర్తుకొచ్చింది. జీతం కాగితం రాసిచ్చినవాడు కదా.

"లారీ కింద ఉన్న సార్ నేను. బయటికి పిలిచిండు," అన్నాడు ఉస్తాద్. "'లైసెన్స్ పోతే ముప్పై మంది వీసాలు ఖలాస్, మూడు నెలల్ల నీ కాగితం నీకు ఇచ్చేస్త' అన్నడు. చేతులు తుడుసుకోని సంతకం పెట్టిన. ఫ్లాట్ కాగితం తెచ్చిచ్చిన."

"ఆ ముగ్గురినీ అడిగావా?"

అతను గోడమీది క్యాలెండర్ వంక చూశాడు.

ఇక్కడ మాత్రం కొంచెం చట్టం చెప్పాలి. మన దేశంలో బ్యాంకులు హక్కు పత్రాన్ని దగ్గర పెట్టుకుని అప్పు ఇవ్వడం మీరు చూసే ఉంటారు. దాదాపు అటువంటిదే ఇదీ. ఉస్తాద్ సంతకం చేసిన ఇంగ్లీషు ఉత్తరంలో, ముదీర్ పన్ను బాకీ తీరేదాకా ఫ్లాట్ హామీగా ఉంటుందని ఉంది. అప్పుల కంపెనీ దాన్ని భూమి రిజిస్టరులో నమోదు చేయించలేదు, ఖర్చు మిగుల్చుకుంది. నమోదు కాకపోయినా, మాట ఇచ్చి పత్రం చేతిలో పెట్టాడు కాబట్టి అది తాకట్టే అనేది వారి వాదన. ఇటువంటి తాకట్టును అక్కడి వకీళ్ళు 'ఈక్విటబుల్ ఛార్జి' అంటారు. ముదీర్ వాయిదాలు ఎగ్గొట్టాడు, గ్యారేజీ మూసేశాడు, మరో ఎమిరేట్‌లో మరో పేరుతో మరో గ్యారేజీ తెరిచాడు. అప్పుల కంపెనీ అతన్ని వదిలేసి, ఫ్లాట్ అమ్మించమని కోర్టుకు వెళ్ళింది.

నోటీసు వచ్చాకే మిగిలిన ముగ్గురికీ సంగతి తెలిసింది. ఒక సెలవు రోజున నలుగురూ కలిసి మా ఆఫీసుకు వచ్చారు. ముగ్గురూ ఉస్తాద్ పక్కన కూర్చోలేదు. డెంటర్ నిలబడే మాట్లాడాడు.

"బండికి సొట్ట పడితే నేను తీస్త ఉస్తాద్. గీ సొట్ట ఎవడు తీస్తడో జర చెప్పు."

పెయింటర్ అందుకున్నాడు: "నేను పెయింట్ కొడ్త తియ్యి. పైకి మంచిగనే కొడ్తది."

"నవ్వులాటనార మీకు?" అన్నాడు ఎలక్ట్రీషియన్. నలుగురిలో చిన్నవాడు. "ఆ కిరాయి మీదనే మా బిడ్డ నర్సింగ్ చదువుతున్నది. ఫీజు ఎవడు కడ్తడు? ముదీర్ కడ్తడా?"

ఉస్తాద్ తల ఎత్తకుండా, "తమ్మీ, తప్పు నాదే," అన్నాడు.

"తప్పు నీదే, ఎరికే. ఫ్లాట్ ఎవలది?" అన్నాడు డెంటర్.

ఆ ప్రశ్నే కేసు మొత్తం. అంత సూటిగా తరువాత ఏ వకీలూ అడగలేదు.

మా మందూబ్ వాళ్ళకు టీ తెచ్చిపెట్టి నా చెవిలో అన్నాడు: "సాబ్, నలుగురు ఒకటే కప్పు కాడికి చెయ్యి పెడ్తున్నరు సూడుండ్రి. కొట్టుకోరు వీళ్ళు."

నేను కప్పులను కాదు, అద్దె లెక్కలను చూశాను. కొన్న నాటి డబ్బు నగదుగా చేతి నుంచి చేతికి ఇచ్చుకున్నారు గనుక దానికి రుజువు లేదు. కానీ అద్దె చెక్కులు ఉస్తాద్ ఖాతాలో పడేవి. పడిన కొద్ది రోజుల్లోనే అతను డబ్బు ఊరికి పంపే ఎక్స్‌ఛేంజ్ ద్వారా ఆ ముగ్గురి భార్యల ఖాతాలకు మూడు సమాన భాగాలు పంపేవాడు. నాలుగోది తనకు ఉంచుకునేవాడు. తాకట్టు ఉత్తరానికి ఎన్నో ఏళ్ళ ముందునుంచీ, ఒక్కసారి కూడా తప్పకుండా. ఎక్స్‌ఛేంజ్‌ను అడిగితే పాత జాబితా అచ్చు వేసి ఇచ్చింది. వకీలు అడిగింది ముదీర్ పన్ను పట్టిక. నేను దానితోపాటు ఈ పట్టికనూ తయారుచేశాను. నాకు ఆనందం కలిగించే పనులు ప్రపంచంలో తక్కువ. అన్ని వరుసలూ సరిగ్గా సరిపోయిన పట్టిక వాటిలో ఒకటి.

దాన్ని తీసుకుని వకీలు దగ్గరకు వెళ్ళాను. అతను పై నుంచి కిందికి చూసి, బోర్లించి పెట్టాడు.

"ఇది నాకు వద్దు. నా వాదన ఏమిటో తెలుసా మీకు? ఈ చట్టంలో రిజిస్టరే సర్వం. రిజిస్టరులో తాకట్టు లేదు, కాబట్టి తాకట్టే లేదు. మీరేమో రిజిస్టరులో లేని ముగ్గుర్ని తెస్తున్నారు. రిజిస్టరే సర్వమైతే వాళ్ళు లేరు. వాళ్ళు ఉన్నారంటే రిజిస్టరు సర్వం కాదు, తాకట్టూ ఉంటుంది. ఒకే నోటితో రెండూ చెప్పలేను."

"మీ వాదన గెలుస్తుందా?"

"సగం సగం."

"ఓడిపోతే?"

"ఫ్లాట్ మొత్తం పోతుంది."

"ముగ్గురి సంగతి చెబితే?"

"అప్పుడు ఉస్తాద్ తనది కానిదాన్ని తాకట్టు పెట్టలేడు. ఆ ముగ్గురి హక్కు ముందుది, ఉత్తరం తరువాతది. ముప్పావు భాగం మిగలవచ్చు. కానీ ఉస్తాద్ పావు భాగం కచ్చితంగా పోతుంది. నా క్లయింటు ఉస్తాద్, ఆ ముగ్గురు కాదు."

ఇక్కడిదాకా అతన్ని నేను తప్పుపట్టను. అతని వృత్తి అది. కానీ ఆ ఫైలులో నేను చదవని కాగితం ఒకటి ఉందని అప్పుడే గమనించాను. అది అప్పటికే కోర్టులో దాఖలైన ఉస్తాద్ వాంగ్మూలం. నాలుగో పేరాలో ఇలా ఉంది: ఈ ఫ్లాట్‌కు సంపూర్ణ యజమానిని నేనొక్కడినే, ఇతరులెవరికీ ఇందులో ఏ హక్కూ లేదు. కింద ఉస్తాద్ సంతకం.

ఆ సాయంత్రం ఉస్తాద్‌ను పిలిచి ఆ పేరా తెలుగులో చదివి వినిపించాను. అతను మరోసారి చదవమన్నాడు. చదివాను.

"నేనట్ల అనలే సార్."

"సంతకం నీదేనా?"

"నాదే. వకీల్ సాబ్ చూపిచ్చిన కాడ పెట్టిన. నా దిక్కు మనిషే గద అనుకున్న."

ఎదుటివాడు మోసం చేసి సంతకం పెట్టించుకుంటే నాకు ఆశ్చర్యం లేదు. లోకంలో ముదీర్లు ఉంటారు. కానీ కాపాడటానికి ఫీజు తీసుకున్నవాడు సైతం ఆ మనిషి భాషలో నాలుగు వాక్యాలు చెప్పించకుండా, అతని నోట అబద్ధం పెట్టి, దాని కింద వేలు చూపించి సంతకం చేయించాడే, దీనికి నా దగ్గర క్షమ లేదు. మర్నాడు ఫోన్ చేసి ఆ మాటే వకీలుకు చెప్పాను. "అది ఫార్మాలిటీ. మీ పని లెక్కలు చూడటం," అన్నాడు. "లెక్క చూశాకే చెబుతున్నాను. నలుగురిని ఒకటి అని రాశారు మీరు," అన్నాను. లైను తెగింది.

విచారణ వీడియోలో జరిగింది. కరోనా తరువాత ఆ కోర్టులో అది మామూలే. ఉస్తాద్ మా ఆఫీసులోని సమావేశ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చున్నాడు. ఇస్త్రీ చొక్కా మెడ దాకా బొత్తాలు పెట్టుకున్నాడు. కాగితాలు అందించడానికి నన్ను అనుమతించారు. నోరు విప్పకూడదని ముందే చెప్పారు. తెరమీద నాలుగు కిటికీలు: న్యాయమూర్తి, మా వకీలు, అప్పుల కంపెనీ వకీలు, హిందీ దుబాసీ. తెలుగు దుబాసీ దొరకలేదన్నారు. ఉస్తాద్‌ది గ్యారేజీ హిందీ. అతను అన్న మాటలను నేను అతని తెలుగులోనే రాస్తున్నాను.

ముందు రోజు అతను నన్ను అడిగాడు: "ఏం చెప్పాలె సార్ రేపు?" నేను చెప్పలేదు. రెండు దారుల్లో ఏది ఎక్కడికి పోతుందో మాత్రం చెప్పాను. మొదటి దారిలో ఫ్లాట్ మొత్తం అతని పేరునే మిగలవచ్చు, లేదా మొత్తం పోవచ్చు. రెండో దారిలో అతని భాగం తప్పకుండా పోతుంది. అతను విని, "రాత్రికి పొలగాండ్లతోని మాట్లాడుత," అన్నాడు. మాట్లాడాడో లేదో నాకు తెలియదు.

అప్పుల కంపెనీ వకీలు వాంగ్మూలం తెరమీద పెట్టి, "ఇందులో రాసినదంతా నిజమేనా?" అని అడిగాడు. ఇది మొక్కుబడి ప్రశ్న. అందరూ అవునంటారు.

"ఒక్క మాట గలత్ ఉన్నది సాబ్. నాలుగోది," అన్నాడు ఉస్తాద్.

మా వకీలు ముఖం కెమెరాకు బాగా దగ్గరగా వచ్చింది.

"ఏమిటది?"

"ఫ్లాట్ నా ఒక్కనిది గాదు. నాది పావే. ముప్పావు నా తమ్ముండ్లది, ముగ్గురిది."

"తమ్ముళ్ళా? మీ అమ్మానాన్నలకు మీరొక్కరే కొడుకని వీసా దరఖాస్తులో ఉంది."

"తోడబుట్టినోళ్ళు గాదు సాబ్. తోడ పనిచేసినోళ్ళు."

"వారి పేర్లు రిజిస్టరులో ఎందుకు లేవు?"

"ఛుట్టీ దొరకలే."

దుబాసీ తర్జుమా చేశాక ఆ వకీలు నవ్వాడు. "వాటాల గురించి కాగితం ఏదైనా రాసుకున్నారా?"

"రాసుకోలే. దేవుని ముంగట ఒట్టు పెట్టుకున్నం."

ఈసారి దుబాసీ కూడా నవ్వు ఆపుకున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఆ నవ్వినవాడు తెచ్చిన తాకట్టుకు మాత్రం రిజిస్టరులో చోటుందా? లేదు. అతనిదీ రిజిస్టరు బయటి మాటే, వీళ్ళదీ రిజిస్టరు బయటి మాటే. అతనిది ఇంగ్లీషులో టైపు చేసి ఉంది కనుక దానికి ఈక్విటీ అని పేరు. వీళ్ళది తెలంగాణలో పుట్టి షార్జా గదిలో పలికిన మాట కనుక దానికి నవ్వు. నోరు విప్పకూడదన్న షరతు లేకపోతే ఆ రోజు నా ఉద్యోగం పోయి ఉండేది.

"అంటే, ఫ్లాట్ పోతుందని తెలిశాక తమ్ముళ్ళను కనిపెట్టారన్న మాట," అన్నాడు అప్పుల కంపెనీ వకీలు.

"ఫ్లాట్ నాకు పోయినట్టే గద సాబ్ గిప్పుడు. ముప్పావు వాళ్ళకు పాయె, పావు మీకు పాయె. నాకేం మిగిలింది?"

న్యాయమూర్తి పెద్ద వయసు మనిషి. మొదటిసారి తానే ప్రశ్న వేశాడు.

"మీ ఒక్కరిదే కానప్పుడు, వారిని అడగకుండా ఎందుకు హామీ ఇచ్చారు?"

ఉస్తాద్ తెర వంక కాకుండా బల్ల వంక చూశాడు. "అది నా తప్పే సాబ్. అడిగితే వద్దంటరని ఎరికే, అందుకే అడగలే. లైసెన్స్ పోతే ముప్పై మంది ఇంటికి పోతరని ముదీర్ అన్నడు. ఆ ముప్పైల వీళ్ళు గూడ ఉన్నరు."

అప్పుడు న్యాయమూర్తి రుజువులేవైనా ఉన్నాయా అన్నాడు. మా వకీలు క్షణం తటపటాయించి, అద్దె పంపకాల పట్టిక ఉందని, దాఖలు చేయడానికి సమయం కావాలని అన్నాడు. వాంగ్మూలం సవరించాలనీ కోరాడు. తాను బోర్లించి పెట్టిన కాగితాన్ని అతను ఎంత గౌరవంగా ప్రస్తావించాడో చూసి, అతని భవిష్యత్తు గురించి నాకు బెంగ లేకుండా పోయింది.

న్యాయమూర్తి ముగ్గురినీ కేసులో చేర్చుకున్నాడు. కొన్ని నెలల తరువాత తీర్పు వచ్చింది. ఉత్తరంతో ఏర్పడ్డ తాకట్టు ఉస్తాద్ మీద చెల్లుతుందని, అయితే అతని పావు భాగానికే పరిమితమని. ఆ ముగ్గురి హక్కు అంతకు ముందునుంచే ఉందని, అద్దె పంపకాలే దానికి సాక్ష్యమని తేల్చాడు. అంతా మంచి ఇంగ్లీషులో ఉంది. ముదీర్ గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది: అతను ఈ విచారణలో కక్షిదారు కాడు. జనం దగ్గర పన్ను వసూలు చేసి మింగినవాడు, అబద్ధం చెప్పి పనివాడి ఇల్లు తాకట్టు పెట్టించినవాడు, కక్షిదారు కాడు. పన్ను కట్టని మనిషి చల్లగా ఉన్నాడు. ఆ పన్నుకు తన జీవితంలో ఒక్క రూపాయి బాకీ పడని మనిషి కట్టాడు. నేను నలభై ఏళ్ళు చేసిన లెక్కల్లో ఇంత పచ్చిగా తప్పుడు పద్దు మరొకటి చూడలేదు. అది చట్టప్రకారం సరైన పద్దు కావడమే అందులోని ఘోరం.

ఆ పావు భాగాన్ని అప్పుల కంపెనీ ఎవరికైనా అమ్ముకోవచ్చు. బయటివాడు వస్తే కలిసి ఉండటం కష్టమని ముగ్గురూ అప్పులు చేసి దాన్నే కొన్నారు. 2023లో రిజిస్టరులో పేర్లు మార్చడానికి నలుగురూ సెలవు పెట్టి వచ్చారు. ముదీర్ మూసేశాక నలుగురూ చేరిన కొత్త గ్యారేజీ ఇది; నలుగురికీ సెలవు దొరికింది. నన్నూ తోడు రమ్మన్నారు. కౌంటరులోని అమ్మాయి కొత్త యజమానుల పేర్లు అడిగింది. డెంటర్ తన పేరు, పెయింటర్ పేరు, ఎలక్ట్రీషియన్ పేరు చెప్పి ఆగాడు.

నేను ఎదురుచూశాను. నాలుగో పేరు రాలేదు. నమోదు పూర్తయింది. ఉస్తాద్ తన హక్కు వదులుకుంటూ సంతకం చేశాడు.

బయటికి రాగానే నేను ఆగలేకపోయాను. "ఇదేనా మీరు చేసేది? ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఫ్లాట్ మొత్తం అతనికే మిగిలేదేమో. మీ కోసం తన పావు పోగొట్టుకున్నాడు. మీకు సిగ్గనిపించడం లేదూ?"

డెంటర్ నొచ్చుకోలేదు. "సార్, ఆయన పేరు రాపిస్తే ఇంకో ముదీర్ వస్తడు, ఇంకో కాగితం తెస్తడు. ఈన పెడ్తడు సంతకం. పెట్టడా? మీరే చెప్పుండ్రి."

"పెడ్తడు," అన్నాడు పెయింటర్. "బాల్‌పెన్ సూస్తే ఆగడు."

ఉస్తాద్ నవ్వేశాడు.

"మరి అతని భాగం?" అన్నాను.

"ఎటు పోతది? కిరాయి నాలుగు పాళ్ళే చేస్తం, ఎప్పటి లెక్క," అన్నాడు ఎలక్ట్రీషియన్. "ఆయన పావు కొన్న పైసలు నెల నెల ఆయన మాకు ఇస్తడు. తీరినంక పావు ఆయనదే. రాత్రే అనుకున్నం."

"రాసుకున్నారా?"

నలుగురూ నా వంక జాలిగా చూశారు.

"ఒట్టు పెట్టుకున్నం సార్," అన్నాడు ఉస్తాద్.

అక్కడ, ఆ అద్దాల భవనం ముందు ఎండలో నిలబడి, నేను వాళ్ళను చాలా సేపు తిట్టాను. ఇన్ని నెలలు కోర్టులో నలిగింది ఈ నోటిమాట వల్లే కదా అన్నాను. రెండు పేజీల ఒప్పందం నేనే ఉచితంగా రాసిస్తానన్నాను. రేపు వీళ్ళలో ఒకడు చనిపోతే వాడి కొడుకుకు ఈ ఒట్టు సంగతి ఎలా తెలుస్తుందని అడిగాను. అప్పుడు ఉస్తాద్ శాంతంగా ఒక మాట అన్నాడు: "కోర్టుల నేనేం చెప్పిన సార్? పేరున్నోనిదే జాగ గాదని చెప్పిన. జడ్జి సాబ్ ఒప్పుకున్నడు. గిప్పుడు నా పేరు లేదని నేనే లొల్లి చేస్తే, ఆ దినం చెప్పింది అబద్ధమైతది గద."



2024లో నేను ఉద్యోగం వదిలి స్వదేశం వచ్చేశాను. అదే ఏడు ఉస్తాద్ కూడా ఊరికి చేరాడు. కొన్నాళ్ళ కిందట ఫోన్ చేశాను. ముదీర్ కొత్త గ్యారేజీకి బోర్డు పెద్దది పెట్టాడట, రెండో శాఖ కూడా తెరిచాడట. మందూబ్ చూసి వచ్చి చెప్పాడు. ఆ సంగతి చెబితే ఉస్తాద్ "మంచిగుండనీ సార్, పనోళ్ళకు పని దొరుకుతది," అన్నాడు. అతని మంచితనం మీద కూడా నాకు కోపం వచ్చింది.

తరువాత అసలు సంగతి అడిగాను. "నీ పావు భాగం అద్దె వస్తోందా?"

"వస్తది సార్."

"ఎక్స్‌ఛేంజ్ ద్వారానా?"

"లేదు సార్. డెంటర్ పెండ్లాం ఇంటికొచ్చి చేతికిచ్చి పోతది."

"చివరిసారి ఎప్పుడు ఇచ్చింది? ఎంత ఇచ్చింది?"

అవతల ఏదో బండి వెళ్ళిన చప్పుడు వినిపించింది.

"ఇచ్చింది సార్," అన్నాడు. "మీరు గా లెక్క ఇడిసిపెట్టుండ్రి."

విడిచిపెట్టలేను. అతను చెప్పింది నిజం కావచ్చు. నన్ను ఊరుకోబెట్టడానికి అని ఉండవచ్చు. రేపు ఏ కోర్టు అడిగినా, ఆ పావు భాగం అతనిదని చూపించడానికి నా దగ్గర ఒక్క అంకె కూడా లేదు.